రెండంగుళాల ఎత్తు కోసం

మా బావ థార్ కొన్న మూడో నెలలోనే దాన్ని రెండంగుళాలు పైకి లేపించాడు. ఎందుకు బావా అంటే, "ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే అందరి థార్‌లాగే ఉంటాదిరా, ఇప్పుడు చూడు" అన్నాడు. బీచ్ రోడ్డులో ఒక రౌండ్ కొట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా ఆపి ఫొటోలు తీయించుకున్నాడు. నిజం చెప్పాలంటే బండి బాగుంది. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది. నా జిమ్నీకి ఏ లిఫ్ట్ కిట్ వేయించాలా అని ఆరు నెలలుగా ఫోన్‌లో పదిహేను ట్యాబులు తెరిచిపెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి మరి.

ఆ ట్యాబుల్లో చాలావాటిని మూసేయించింది ఏ యూట్యూబరూ కాదు. కటికి జలపాతం దారిలో ఒక జీపు డ్రైవర్.

వైజాగ్ నుంచి అరకు దారి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, తైడా, ఆ పైన అనంతగిరి వైపు కాఫీ తోటలు. బొర్రా గుహల ప్రాంతం నుంచి కటికికి వెళ్లే దారిని మాత్రం రోడ్డు అనలేం. రాళ్లు, ఎర్రమట్టి, వాన పడితే లోతుగా గాడులు. టూరిస్టులు కార్లు వదిలేసి అక్కడి జీపులెక్కుతారు. పాత మహీంద్రా బళ్లు అవి. కింద కమాన్ కట్టలు, సన్నటి టైర్లు, వెనక ఎదురెదురు సీట్లలో ఇరుక్కుని కూర్చున్న జనం. చూడ్డానికి ఏ ఇన్‌స్టా రీల్‌కీ పనికిరావు. రోజుకి ఎన్ని ట్రిప్పులేస్తాయో లెక్కలేదు.

"మనకి జీపెందుకురా, మనదే జీపు" అని బావ నేరుగా దారిలోకి దించేశాడు. ముందు సీట్లో నేను, వెనక మా అత్త, బావ వాళ్ల పాప.

అర కిలోమీటరు కాలేదు, కింద నుంచి ఠంగుమని చప్పుడు. దిగి చూస్తే వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ ఒక రాయికి కొట్టుకుని ఆగిపోయింది. వెనకే వచ్చిన జీపు డ్రైవర్ దిగాడు, వంగి చూశాడు, నవ్వాడు. "బండెత్తారు గానీ బాబూ, ఇరుసు ఎత్తలేదు కదా" అన్నాడు. "రాయిని మధ్యలో పెట్టకండి. చక్రం దాని మీదికి ఎక్కించండి."

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, ఆరు నెలలు రివ్యూలు చూసిన నాకు తట్టని మాట అది. ఈ వారం కాలమ్ మొత్తం దాని గురించే.

వెనక ఇరుసు ఒకే గట్టి గొట్టంలా ఉండే బళ్లలో ఆ ఇరుసు బరువుని మోసేవి టైర్లు. ఇరుసు మీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద బాడీ. మీరు స్ప్రింగుని పొడుగు చేసినా, స్ప్రింగు మీద బిళ్ళ పెట్టినా పైకి లేచేది ఛాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. డిఫరెన్షియల్‌కీ నేలకీ మధ్య జాగా ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. దాన్ని పెంచేది ఒక్కటే, పెద్ద టైరు. అది కూడా వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే.

జిమ్నీ లెక్కే చూద్దాం. దాని కంపెనీ టైరు 195/80 ఆర్15. అంటే ఎత్తు దాదాపు 693 మిల్లీమీటర్లు. దానికి బదులు 215/75 ఆర్15 వేస్తే 703 చిల్లర. వ్యాసంలో పెరిగింది పది మిల్లీమీటర్లు, ఇరుసు కింద పెరిగింది ఐదు. అదే 235/75 ఆర్15 అయితే 733 దాకా వెళ్తుంది, ఇరుసు ఇరవై మిల్లీమీటర్లు లేస్తుంది. కానీ స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 63 దాటి పోతుంటారు, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకునే అవకాశం ఉంది. ఆ రాసుకోవడం తప్పించడానికి చాలామంది లిఫ్ట్ వేస్తారు. అంటే లిఫ్ట్ అసలు పని చాలా సందర్భాల్లో పెద్ద టైరుకి చోటివ్వడం. బండి ఎత్తుగా కనబడటం దానికి బోనస్.

అలాగని లిఫ్ట్ వల్ల బాడీకి లాభం లేదనను. 2020లో వచ్చిన థార్‌కి బ్రోచర్‌లో ముందు గట్టుకి ఎక్కే కోణం 41.8 డిగ్రీలు, మధ్యలో పొట్ట తగలకుండా దాటే కోణం 27 డిగ్రీలు. చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు. కాగితం మీద లెక్కేశాను. 50 మిల్లీమీటర్లు లేపితే ఆ 27 దాదాపు 31 అవుతుంది. గట్టు మీద కూర్చుండిపోవడం, దాటెయ్యడం మధ్య నాలుగు డిగ్రీలు చిన్న తేడా కాదు. అదే రాక్స్‌లో అయితే చక్రాల మధ్య దూరం 2850. అంతే ఎత్తు లేపినా లాభం తక్కువ. మన దారిలో బండి దేనికి తగులుతోంది, బంపరుకా, పొట్టకా, డిఫరెన్షియల్‌కా? ఇది తెలియకుండా కిట్ కొనడమంటే జ్వరమో తలనొప్పో చెప్పకుండా మందులడగడమే.

సరే, కటికి దారికి వద్దాం. డ్రైవర్ చెప్పినట్టు చక్రం రాయి మీదికెక్కించి బయటపడ్డాం. ఇంకో వంద గజాల్లో ఐమూలగా గాడి వచ్చింది. ముందు కుడి చక్రం పైకి, వెనక కుడి చక్రం గుంతలోకి. లేపకముందు ఆ చక్రం కిందకి వేలాడి నేలని పట్టుకునేదేమో. ఇప్పుడు గాల్లో గిర్రున తిరగడం మొదలెట్టింది. పాప ఏడుపు, మా అత్త దేవుళ్ల లిస్టు. పక్కనుంచి ఆ జీపు కిర్రు కిర్రుమంటూ పదిమందితో వెళ్లిపోయింది.

ఎందుకలా అయింది? బావ వేయించింది స్పేసర్ కిట్. అన్నిటికంటే చౌక, వేలల్లో అయిపోతుంది. వెనక స్ప్రింగు మీద ఒక మందపాటి బిళ్ళ పెడతారు, ముందు షాక్ పైన ఇంకో బిళ్ళ. మధ్యాహ్నం బండి ఇస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. స్ప్రింగూ పాతదే, షాకూ పాతదే. కాబట్టి రోడ్డు మీద పెద్ద తేడా తెలీదు. తేడా అంతా చక్రం కిందకి దిగాల్సి వచ్చినప్పుడే.

షాక్ అబ్జార్బర్‌కి ఒక పొడవు ఉంటుంది. అంతకంటే సాగదు. బాడీని 50 మిల్లీమీటర్లు పైకి లేపి షాక్‌ని మార్చకపోతే, వెనక షాక్ నిలబడి ఉన్నప్పుడే దాదాపు అంత సాగిపోయి ఉంటుంది. కిందకి దిగడానికి మిగిలిన ప్రయాణంలో ఆ మేరకు కోత. గాడిలో చక్రం నేలని అందుకోవాలంటే కావాల్సింది సరిగ్గా ఆ ప్రయాణమే. ఎత్తు కొనుక్కుని పట్టు అమ్ముకున్నాడు మా బావ.

ముందు వైపు కథ వేరు. థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు. షాక్ ఆ ఆర్మ్ మధ్యలో బిగించి ఉంటుంది కాబట్టి పైన పెట్టిన బిళ్ళ మందం కంటే చక్రం దగ్గర ఎత్తు ఎక్కువే వస్తుంది. వినడానికి లాభంలా ఉంది కదా. కానీ చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆ ఆర్మ్‌లు కంపెనీ గీసిన హద్దు దాటి కిందకి వంగుతాయి. బాల్ జాయింట్ చివరికంటా వెళ్లిపోతుంది. చక్రానికి శక్తినిచ్చే షాఫ్ట్‌లోని సీవీ జాయింట్ మరీ వంకరగా తిరుగుతుంది. దాని మీది రబ్బరు బూటు మడతల దగ్గర ఒరుసుకుంటుంది. బూటు చిరిగితే గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. ఆ తర్వాత తిప్పినప్పుడల్లా టకటకమనే చప్పుడు.

తిరుగు ప్రయాణంలో, ఘాట్ దిగుతుండగా ప్రతి మలుపులోనూ మాకు ఆ టకటక వినబడింది. కిట్ బిగించిన షాపువాడు వీల్ అలైన్‌మెంట్ కూడా చేయలేదని తర్వాత తేలింది. ముందు టైర్లు లోపలి అంచున అప్పుడే అరిగిపోతున్నాయి. లైట్లు కూడా దించలేదు. ముక్కు పైకి లేచింది కాబట్టి మా హెడ్‌లైట్లు ఎదురొచ్చే ప్రతివాడి కళ్లలోకే. ఒక బస్సు డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. న్యాయమైన తిట్టే.

మర్నాడు గాజువాక ఆటోనగర్ వెళ్లాం. నాకు అక్కడ కాసేపు తిరగడమంటే ఇష్టం. పోర్టు నుంచి బొగ్గూ ఎరువులూ మోసే లారీలకి కమాన్ కట్టలు విప్పి, ఒక్కో పట్టీ తీసి, విరిగింది పక్కన పారేసి మళ్లీ పేర్చే మేస్త్రీలు అక్కడుంటారు. సస్పెన్షన్ గురించి యూట్యూబ్‌లో తెలిసేదానికంటే ఎక్కువ అక్కడ అరగంట నిలబడితే తెలుస్తుంది. ఒక పెద్దాయన్ని అడిగాను, "ఆ కటికి జీపులు మరి ఎలా పోతున్నాయండీ?" అని. "అవి లోడుకి కట్టిన కమాన్లు బాబూ. ఖాళీగా తోలితే నడుం ఇరిగిపోద్ది. జనం ఎక్కితేనే బండి కుదురుగా ఉంటాది" అన్నాడు.

స్ప్రింగుని ఎత్తు కోసం ఎంచుకోరు, బరువు కోసం ఎంచుకుంటారు. ఎత్తు దాని వెనకాల వస్తుంది.

కమాన్ బళ్లని లేపడానికి పాత పద్ధతులు కొన్ని ఉన్నాయి. కట్టలో ఒక పట్టీ అదనంగా వేయడం, ఎక్కువ బరువు మోసేవాళ్లకి ఇది సరైన పని. షాకిల్ పొడుగు చేయడం, ఇందులో షాకిల్ ఎంత పెరిగితే ఎత్తు అందులో సగమే వస్తుంది, పైగా ఇరుసు కోణం తిరిగిపోతుంది. మూడోది ఇరుసు కింద ఉన్న కట్టని ఇరుసు పైకి మార్చడం. దీంతో ఒకేసారి చాలా ఎత్తొస్తుంది, కానీ గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కితే కమాన్ ఎస్ ఆకారంలో మెలితిరుగుతుంది. పాత జిప్సీలు, జీపులు ఉన్నవాళ్లకి తప్ప మనలో చాలామందికి ఈ గొడవ లేదు కాబట్టి ముందుకెళ్దాం.

కాయిల్ స్ప్రింగ్ బళ్లకి అసలైన లిఫ్ట్ అంటే కొత్త స్ప్రింగులు, వాటికి జోడీగా పొడుగు షాకులు, రెండూ కలిపిన కిట్. ఆస్ట్రేలియావాళ్ల ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, థాయ్‌లాండ్ ప్రొఫెండర్ లాంటివి. ఖర్చు స్పేసర్‌కి ఎన్నో రెట్లు, లక్ష దాటిపోవచ్చు కూడా. షాక్ పొడుగైంది కాబట్టి చక్రం కిందకి దిగే ప్రయాణం పోదు. నా ఓటు దీనికే, కానీ ఒక మెలిక ఉంది.

ఈ కిట్లలో స్ప్రింగులు బరువు స్థాయిల వారీగా వస్తాయి. ఖాళీ బండికి ఒకటి, ముందు ఇనుప బంపరు, వించ్ ఉన్నవాళ్లకి ఒకటి, వెనక రెండో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు, టెంటు మోసుకుంటూ ఎడారి దాటేవాళ్లకి ఇంకొకటి. మనవాళ్లు "హెవీ డ్యూటీ" అనే మాట చూసి పెద్దదే తీసుకుంటారు. తీసుకుని ఖాళీ బండిలో మధురవాడ ఆఫీసుకి వెళ్తారు. బరువు లేక స్ప్రింగు నొక్కుకోదు. అనుకున్న రెండంగుళాలు మూడవుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద బండి గెంతుతుంది, రాళ్ల మీద చక్రం ఒదగదు.

ఎంత తేడా వస్తుందో చూడండి. కాయిల్ స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తీగ పది శాతం లావైతే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. చేత్తో పట్టుకుంటే రెండు స్ప్రింగులూ ఒక్కలాగే కనబడతాయి. ఉక్కు గట్టిది కావడం వల్ల స్ప్రింగు గట్టిది కాదు, లెక్కంతా తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య. ఉక్కునగరంలో పెరిగి ఈ ముక్క నేను మెషిన్ డిజైన్ పరీక్షకి బట్టీ పట్టాను గానీ, సొంత డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.

కిట్ కొనేముందు చేయాల్సిన లెక్క ఒక్కటే. వీకెండ్ వెళ్లేటప్పుడు మీ బండిలో ఎంత బరువు ఉంటుంది? ఉదాహరణకి వెనక ఇరుసు మీద 120 కిలోలు అదనం అనుకోండి. ఒక్కో స్ప్రింగుకి 60, అంటే దాదాపు 600 న్యూటన్లు. స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 30 న్యూటన్లైతే బండి వెనక 20 మిల్లీమీటర్లు దిగుతుంది. అంత దిగితే ఇబ్బంది లేదనుకుంటే కంపెనీ స్ప్రింగుతోనే ఉండండి. ఎప్పుడూ నలుగురు, నిండా సామాను అయితే ఒక మెట్టు గట్టిది తీసుకోండి. అంతే.

జిమ్నీలో ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే కాబట్టి సీవీ జాయింట్ వంకర అనే భయం తక్కువ. కానీ దాని రోగాలు దానికున్నాయి. ఇరుసుని పక్కలకి జరక్కుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ ఒకటి ఉంటుంది. బండి లేస్తే ఆ కడ్డీ ఏటవాలై ఇరుసుని ఒక పక్కకి లాగుతుంది. ముందు చక్రాల క్యాస్టర్ కోణం తగ్గి, హైవే మీద స్టీరింగ్ దానంతటది తిరిగొచ్చే గుణం మందగిస్తుంది. అరిగిన బుష్‌లు కూడా తోడైతే ఒక్కోసారి స్టీరింగ్ మొత్తం వణుకుతుంది. అందుకే కిట్‌తోపాటు అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్, క్యాస్టర్ సరిచేసే బుష్‌లు కూడా తీసుకోవాలి. వాటి ధర పోస్టర్ మీద ఉండదు.

బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్ట్ గురించి ఒక్క వాక్యం: టైరుకి చోటొస్తుంది, ఛాసిస్ మాత్రం అంగుళం కూడా లేవదు.

ఇప్పుడు ఘాట్ రోడ్డు సంగతి. ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని బరువు కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే బండి తిరగబడకుండా నిలిచే శక్తికి ఒక అంచనా వస్తుంది. 1500 మిల్లీమీటర్ల వెడల్పు, 750 ఎత్తు అనుకుంటే సరిగ్గా ఒకటి. 50 లేపితే 0.94. ఆరు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఈ ఆరు శాతం పోయేది ఎక్కడ? పైన క్యారియర్ మీద సామాను కట్టి, అరకు నుంచి చీకట్లో దిగుతూ, మలుపులో ఎదురుగా లారీ వచ్చి స్టీరింగ్ ఠక్కున తిప్పినప్పుడు. లోపల మా అత్తా, పాపా ఉన్నప్పుడు.

చట్టం ముక్క కూడా చెప్పాలి, తిట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. షాపువాడు "ఏం కాదు సార్" అంటాడు. యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ సర్వేయర్ ఆ మాట అనడు. ఏం మార్చాలన్నా ముందు ఆర్టీవో దగ్గర, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

బీచ్‌లో ఇసుక మీద తోలాలని లిఫ్ట్ అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఇసుకలో మిమ్మల్ని నిలబెట్టేది ఎత్తు కాదు, టైరులో తక్కువ గాలి. అయినా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడ బండి దించకండి, ఆ టాపిక్ అక్కడితో ఆపేద్దాం.

గాలి మాటొచ్చింది కాబట్టి, ఆ రోజు కటికి దారిలో మమ్మల్ని చివరికి బయటపడేసింది కూడా అదే. జీపు డ్రైవర్ రెండో ట్రిప్పులో తిరిగొచ్చి, అక్కడే ఉన్న మమ్మల్ని చూసి, "టైర్లలో గాలి తియ్యండి" అన్నాడు. ముప్పై పైన ఉన్న పీఎస్‌ఐని ఇరవైకి దించాం. టైరు నేల మీద పరుచుకుంది, రాళ్ల చుట్టూ ఒదిగింది, బండి కదిలింది. ఖర్చు సున్నా. మళ్లీ తారు రోడ్డెక్కే ముందు గాలి నింపాలి, లేకపోతే మెత్తటి టైరుతో ఘాట్ మలుపులు ఇంకో ప్రమాదం. డిక్కీలో చిన్న కంప్రెసర్ ఉంటే చాలు. మా దగ్గర లేదు. ఆయన సైకిల్ పంపులాంటిదేదో తెచ్చి కొట్టించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. టీ తాగాడు.

బావ స్పేసర్లు తీయించేశాడు. ఒక సీవీ బూటు, అలైన్‌మెంట్, రెండు టైర్లు కలిపి స్పేసర్ల ఖరీదుకి రెట్టింపు అయింది. ఆ బిళ్ళలు ఇప్పుడు వాళ్ల మేడ మీద తులసికోట పక్కన పూలకుండీల కింద ఉన్నాయి. కుండీలు బాగానే లేచాయి.

నేను 215/75 టైర్లు, ఒక కంప్రెసర్, గాలి కొలిచే గేజ్ ఆర్డర్ పెట్టాను. ఐదు మిల్లీమీటర్లు, అంతే. కింద డిఫరెన్షియల్‌కి కాపలాగా ఒక ఇనుప ప్లేటు కోసం ఆటోనగర్ పెద్దాయన్ని అడిగితే, "వాన్లు తగ్గాక రా, కొలత తీసుకుంటాను" అన్నాడు. పోయిన ఆదివారం బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, అంగుళం మాత్రమే లేపి, షాకులు కూడా మారిస్తే?" అన్నాడు. బండిలో ఎంత బరువు వేస్తావో ముందు చెప్పు బావా అన్నాను. ఇంకా చెప్పలేదు.